క్లోమ క్యాన్సర్ పరిశోధన ఎలుక దగ్గరే ఆగకూడదు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఎలుకల్లో క్లోమ (పాంక్రియాస్) క్యాన్సర్ నయమైందన్న వార్త పత్రికల్లో వచ్చినప్పుడల్లా, నేను పశువైద్యుణ్ణని తెలిసిన ఇరుగుపొరుగువారు ఆ మందు మన ఆసుపత్రులకు ఎప్పుడొస్తుందని అడుగుతారు. అమెరికాలో సైతం ఈ జబ్బు బయటపడ్డాక అయిదేళ్లు బతికేవారు నూటికి 13 మందే కాబట్టి, ఆ ఆత్రుతను తప్పుపట్టలేను. అయితే ఎలుకకూ మనిషికీ మధ్య, పంది వంటి పెద్ద జంతువులో పరీక్షించి చూసే ఒక మెట్టు లేకుండా పోయిందన్న సంగతి కూడా పాఠకులకు తెలియాలి.

సారిడెజిబ్ అనే మందు కథనే చూడండి. క్లోమ క్యాన్సర్ గడ్డ చుట్టూ దట్టంగా పీచు కణజాలం అల్లుకుని, మందును లోపలికి పోనివ్వదు. సారిడెజిబ్‌తో ఆ పీచును పలచన చేస్తే కీమో మందు గడ్డలోకి బాగా చేరుతోందనీ, ఎలుకలు ఎక్కువ రోజులు బతుకుతున్నాయనీ 2009లో వెల్లడైంది. అదే మందును రోగులకు ఇచ్చిన పరీక్షను మాత్రం 2012లో మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది. మందు తీసుకున్నవారే ముందుగా చనిపోతున్నారు. తప్పంతా ఎలుకదే అనను. ఆ పీచు గడ్డను కొంత అదుపులో కూడా ఉంచుతుందని 2014లో తేల్చినవీ ఎలుకల ప్రయోగాలే. కానీ పాతిక గ్రాముల జంతువులో క్లోమం పలచగా, చెదురుమదురుగా పరచుకుని ఉంటుంది. మనుషులకు వాడే ఎండోస్కోపు అందులో పట్టదు. గడ్డను వేడితో మాడ్చే సూదిని గానీ, శస్త్రచికిత్స పద్ధతిని గానీ అందులో సరిచూడలేము.

పంది క్లోమం పరిమాణంలోనూ నిర్మాణంలోనూ మన దానికి చాలా దగ్గర. దశాబ్దాలపాటు మధుమేహ రోగులకు పంది క్లోమంలోంచి తీసిన ఇన్సులిన్ ఇచ్చిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2015లో ప్రకటించిన ఆంకోపిగ్ అనే పందిలో, మనుషుల క్లోమ క్యాన్సర్లలో తరచుగా కనిపించే కేరాస్, టీపీ53 జన్యుమార్పులు రెండింటినీ కోరుకున్న అవయవంలో, కోరుకున్నప్పుడు మేల్కొలపవచ్చు. ఇదీ లోపాలు లేనిది కాదు. మనిషిలో ఏళ్ల తరబడి పెరిగే జబ్బు ఇందులో వారాల్లోనే తెప్పించినది. అయినా సీటీ స్కాన్‌లో చూడటానికీ, ఎండోస్కోపు ద్వారా సూదితో మందు ఎక్కించి చూడటానికీ ఇంతకన్నా దగ్గరి జంతువు సులభంగా దొరకదు.

ఈ లేఖ రాయడానికి అసలు కారణం మన హైదరాబాద్ పక్కనే ఉంది. జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి ఏర్పాటు చేసిన జాతీయ జంతు వనరుల కేంద్రం, పంది వంటి పెద్ద జంతువులతో పరిశోధనకు కూడా ఉద్దేశించినదే. క్లోమ క్యాన్సర్‌కు పంది నమూనాను, అంటే ఆ జబ్బు తెప్పించి చికిత్సలను సరిచూడగల పందిని, అభివృద్ధి చేసే పనిని ఆ కేంద్రం చేపట్టాలనీ, అందులో పశువైద్య కళాశాలల అధ్యాపకులకూ జీర్ణకోశ శస్త్రవైద్యులకూ కలిపి చోటివ్వాలనీ కోరుతున్నాను. పశువైద్యులను మత్తు ఇవ్వడానికే పిలిచి పంపేసే అలవాటు ఇక మానుకోవాలి.

జంతు ప్రేమికుల అభ్యంతరం నాకు తేలిక విషయం కాదు. నేను బతికిందే జంతువుల వైద్యంతో. పెద్ద జంతువులపై ప్రయోగానికి సంస్థలోని నైతిక కమిటీ ఒక్కటే చాలదు, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ అనుమతి కూడా కావాలి. జంతువులు లేకుండా చేయగల పరీక్షలకు మన ఔషధ నిబంధనలు 2023లో చోటిచ్చాయి. వాటితో తేలే ప్రశ్నకు పందిని వాడనే కూడదు. వాడిన చోట ఎన్ని పందులను వాడారో, నొప్పి తెలియకుండా ఏం చేశారో, ఏ ప్రయోగం విఫలమైందో ఏటా ప్రజలకు తెలుగులోనూ తెలియజేయాలి. విఫలమైన ప్రయోగం బయటికి రాకపోతే, మరోచోట మరికొన్ని పందులు అదే ప్రయోగానికి మళ్లీ చస్తాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు,
హైదరాబాద్