ఆ నిలువు గీత

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం ఎప్పుడో వచ్చింది, జవాబు ఇప్పుడు రాస్తున్నాను. తిట్టు, పడతాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, చిన్నదానికి హాస్టల్లో సీటొచ్చింది. మిగతావి ఫోన్లో మాట్లాడుకుందాం. ఈ సంగతి మాత్రం ఫోన్లో చెప్పేది కాదు, కవరు ఎదురుగా పెట్టుకుని రాయాల్సిందే.

స్టాంపుల ఎగ్జిబిషన్‌లో నా ఫ్రేమ్ పెట్టాను రా! సింగిల్ ఫ్రేమ్, 16 షీట్లు, అన్నీ మన మలబార్ ప్రిన్సెస్ విమానం మీదే. సగం కథ నీకు తెలిసిందే. 1948 జూన్ 8న బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్‌కి ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ మొదటి సర్వీసు. దానికోసమే వేసిన 12 అణాల స్టాంపు. నువ్వు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడి ఇప్పించిన కవరే మొదటి షీట్‌లో పెట్టాను. వెనకాల లండన్ ముద్ర ఉందిగా, అది కనపడాలని పక్కనే ఫోటోకాపీ అంటించాను. నువ్వు వచ్చి ఉంటే దాని ముందు నిలబడి 'చూసి ఇచ్చేస్తాం సార్' అనేవాడివి, మనిద్దరినీ బయటికి పంపేవాళ్లు.

రెండో సగం నీకు చెప్పలేదు, దాచిపెట్టుకున్నాను. అదే విమానం 1950 నవంబర్ 3న, అదే దారిలో, కైరో నుంచి జెనీవా వెళ్తూ ఆల్ప్స్‌లోని మాంట్ బ్లాంక్ కొండని ఢీకొట్టింది. 48 మందీ పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఇంగ్లండ్‌లో ఓడ ఎక్కడానికి బయల్దేరిన మన నావికులు. కబురు ఆ ఇళ్లకి ఎలా చేరిందో, ఎవరు చదివి వినిపించారో... సరే, వద్దులే. టపా అంతా మంచులో చెదిరిపోయింది. ఆ కొండ మీది బోసోన్ హిమానీనదం కిందికి జారుతున్నకొద్దీ ఏళ్ల తర్వాత కూడా ఉత్తరాలు బయటపడుతూనే ఉన్నాయి. వాటిలో ఒకటి నిరుడు వేలంలో నా చేతికొచ్చింది.

దాన్ని నువ్వు చూడాలి బావా. కాగితం అప్పడంలా ముడుచుకుపోయింది. చిరునామా టైపు చేసింది కాబట్టి బతికింది, అదే ఇంకుపెన్నుతో రాసి ఉంటే నీలి మరక తప్ప ఏమీ మిగిలేది కాదు. ప్రమాదం వల్ల ఆలస్యమైందని ఫ్రెంచ్‌లో ఊదారంగు ముద్ర. స్టాంపు లేదు. నీళ్లకి జిగురు కరిగి ఊడిపోయింది, అది ఉన్నచోట కాగితం చదరంగా తెల్లగా ఉంది. శుభ్రమైన కవర్లకే మార్కులు పడతాయని చాలామంది ఇలాంటివి ఫ్రేమ్‌లో పెట్టరు. నాకది నచ్చదు. ఈ కవరుకి స్టాంపు ఊడిపోవడమే సాక్ష్యం, ఇంకేం కావాలి?

ఇప్పుడు అసలు కథ. స్టాంపు పోయినా, దాని అంచు దాటి కవరు మీద పడిన పోస్టుమార్కు ముక్క మిగిలింది, వంపు తిరిగి, చాలా లేతగా. షీట్ మీద 'పోస్టు చేసిన ఊరు తెలియదు' అని రాసి వదిలేశాను. రెండో రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చి ఆ షీట్ ముందు నిలబడ్డారు. ఎంతసేపటికీ కదలరు. ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ఉత్తరాలు వేరుచేసే సార్టరుగా చేసి రిటైరయ్యారట, రాత్రంతా రైల్లో కూర్చుని సగం సగం ముద్రలు చదివిన కళ్లు! "బాబూ, టార్చ్ ఉందా?" అన్నారు. ఫోన్ లైటు వేసి, పై నుంచి కాకుండా పక్క నుంచి ఏటవాలుగా పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు తేలాయి రా! డి, ఇ, ఆర్, ఏ, బి, ఏ, డి.

నా గుండె ఆగింది. 'డెరబాద్' అంటే హైదరాబాదా, సికింద్రాబాదా? రెండిటికీ తోక ఒకటేగా! ఆయనేమీ తొణక్కుండా "ముందు అక్షరం చూడు" అన్నారు. డి పక్కన ఒక గీత ముక్క, అంతే. నిటారుగా ఉంది. "వై అయితే పై కొస వాలి ఉండాలి బాబూ, ఇది ఎన్ కుడి కాలు" అన్నారు. అంటే సికింద్రాబాద్! కంటోన్మెంట్ ఉన్నచోటు కదా, అక్కడ నిజాం టపాతో పాటు ఇంగ్లీషువాళ్ల పోస్టాఫీసూ ముందునుంచే ఉండేది. 1950 ఏప్రిల్ 1న నిజాం టపా మూతపడింది, ఆ తర్వాత ఏడు నెలలకి ఈ ఉత్తరం. మా ఇంటి దగ్గర్లోనే ఎవరో టైపు చేయించి డబ్బాలో వేసిన ఉత్తరం, ఆల్ప్స్ మంచులో పడుకుని, తిరిగి మా ఊరికే వచ్చింది!

ఆయన పేరడిగేలోపు జనంలో కలిసిపోయారు. అదొక్కటే బాధగా ఉంది. మెడల్ సంగతి అడుగుతావని తెలుసు, సిల్వర్ వచ్చింది, సంతోషమే.

ఇప్పుడు నీతో పని పడింది. మీ నాన్నగారు సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేస్తూ రాసిన కార్డులు మీ ట్రంకుపెట్టెలో ఉన్నాయన్నావు కదా. 1950 నాటివి ఏమున్నా ముద్ర దగ్గర పెద్దగా స్కాన్ తీసి పంపు. ఎన్ అక్షరం కాలూ, దానికీ డికీ మధ్య దూరమూ సరిపోతే షీట్ మీద ఊరి పేరు ధైర్యంగా రాసేస్తాను. కార్డులకి ప్లాస్టిక్ తొడుగు వేయకు, చెమ్మ పడుతుంది, ఉత్త కాగితంలో

కింద ఆటో హారన్ కొడుతున్నాడు, అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మళ్లీ రాస్తా. స్కాన్ మర్చిపోకు!

నీ
బావ