వైర్‌లెస్ సెట్‌లో మాటలు వద్దు, సమాచారం ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. పోయినసారి సెలవులకు వచ్చినప్పుడు నా ఫోన్‌లో ఒక యాప్ వేసి, 'నాన్నా, మా ఊరి ఫైర్ స్టేషన్‌వాళ్ల మాటలు ఇందులో వినొచ్చు' అని చూపించాడు. అక్కడ సరదా ఉన్నవాళ్లు స్కానర్ అనే రిసీవర్‌ను ఇంట్లో పెట్టుకుని పోలీసు, ఫైర్, అంబులెన్సు వైర్‌లెస్‌ను పట్టి నెట్‌లోకి వదులుతారు. బ్రాడ్‌కాస్టిఫై అనే ఒక్క సైట్‌లోనే అలాంటివి వేల సంఖ్యలో ఉన్నాయి. అమెరికాలో వినడం మామూలుగా నేరం కాదు.

ఇక్కడ రాత్రి పదిన్నరకు నేను మంచమెక్కితే వేసవిలో అక్కడ సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు. నిద్ర పట్టనప్పుడు చెవిలో పెట్టుకుని వినడం అలవాటైంది. రెండు పొడుగాటి కూతలు వినిపిస్తే ఏదో స్టేషన్‌కు పిలుపు వచ్చినట్టు. మిగతా సమయమంతా గరగర తప్ప ఏమీ ఉండదు. నిజం చెప్పాలంటే ఆ గరగర కోసమే వినేవాణ్ణి. కొడుకున్న ఊళ్లో ఏమీ కాలేదంటే ఇంకేం కావాలి?

ఒకరోజు ఎవరో పెద్దావిడ బాత్రూంలో పడిపోయిందని పిలుపు వచ్చింది. ఇంట్లో ఒక్కతే ఉందట. వీధి పేరు, ఇంటి నంబరు చెప్పారు. తాళంచెవి గుమ్మం పక్కన పూలకుండీ కింద ఉందని కూడా చెప్పారు. నేను లేచి కూర్చున్నాను. కర్నూలులో మంచం మీదున్న నాకే తెలిసిపోయిన తాళంచెవి ఆ వీధి దొంగకు తెలియదా? ఆ యాప్ మళ్లీ తెరవలేదు.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మా కాలనీ కుర్రాళ్లు ఇద్దరు 'మనకూ ఇలాంటిది ఉండాలి అంకుల్, ఆన్‌లైన్‌లో సెట్లు దొరుకుతున్నాయి' అంటున్నారు. దొరికినంత మాత్రాన కొనేయకూడదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచే మన దేశంలో లైసెన్సు లేని సెట్ దగ్గర ఉంచుకోవడం నేరం. 446 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే చిన్న వాకీటాకీలకు మినహాయింపు ఉంది. పోలీసు ఫ్రీక్వెన్సీ పట్టేవాటికి లేదు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం, అనుమతి లేకుండా ఇతరుల సందేశాలను పట్టి వింటే మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. ఈ సంగతి ఆ కుర్రాళ్లకు తెలియదు, అమ్మేవాళ్లు చెప్పరు.

కానీ వాళ్ల గోల పూర్తిగా తప్పని కూడా అనలేను. పోయిన నెల మా వీధి చివర నల్లటి పొగ లేచింది. పది నిమిషాల్లో కాలనీ వాట్సాప్ గ్రూపులో గ్యాస్ సిలిండర్ పేలిందని, ముగ్గురు పోయారని వచ్చేసింది. స్కూలుకెళ్లిన పిల్లల తల్లులు చెప్పుల్లేకుండా పరుగెత్తారు. తీరా చూస్తే పరుపుల కొట్టు వెనక పాత దూది తగలబడింది. ఎవరికీ గోరంత గాయం కూడా కాలేదు. ఫైరింజను డ్రైవర్ పైపు చుట్టుకుంటూ 'ఏం లేదమ్మా, ఇంటికి పోండి' అన్నాడు. ఆ ముక్క మాకు ముప్పావు గంట ముందే అంది ఉంటే ఎంత బాగుండేది!

2009 అక్టోబరు నాటి వరద గుర్తున్నవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. అప్పుడు మేం కర్నూలు పాతబస్తీలో ఉండేవాళ్లం. తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చేసరికి కరెంటు పోయింది, ఫోన్లు ఆగిపోయాయి. ఒకే మేడ మీద పద్నాలుగు మందిమి. డ్యాం తెగిందని ఒకరు, నీళ్లు తీస్తున్నాయని ఒకరు. 19 లక్షల క్యూసెక్కులకు కట్టిన శ్రీశైలానికి 25 లక్షలు వచ్చాయని, అయినా ఆనకట్ట నిలిచిందని తర్వాత చదివాం. ఆ లెక్కలు ఆ రాత్రి అధికారుల సెట్లలో గంటగంటకూ నడిచే ఉంటాయి. మేడ మీద ఉన్న మాకు మాత్రం కింద మెట్లు ఎన్ని మునిగాయో అదొక్కటే లెక్క.

అంతమాత్రాన పోలీసుల సంభాషణ అందరికీ వదలమని నేను అడగను. అమెరికాలోనే కొన్ని నగరాలు వెనక్కి తగ్గుతున్నాయి. షికాగోలో బయటివాళ్లకు అరగంట ఆలస్యంగా వినిపించే పద్ధతి పెట్టారు. న్యూయార్క్ పోలీసులు 2023 నుంచి ఒక్కో ప్రాంతం రేడియోను బయటికి వినబడకుండా చేస్తున్నారు. అక్కడి పత్రికలవాళ్లు దానిమీద గట్టిగానే గొడవ పడ్డారు. ఆ గొడవా సబబే అనిపిస్తుంది. ఏదైనా పూర్తిగా మూస్తే పుకారు పుడుతుంది, పూర్తిగా తెరిస్తే ఆ పెద్దావిడ తాళంచెవి బయటపడుతుంది.

నేను అడిగేది చిన్నది. 100కు, 101కు, 112కు వచ్చే పిలుపుల్లో ఊరికి సంబంధించినవి, అంటే అగ్నిప్రమాదం, హైవే మీద ప్రమాదం, వాగు పొంగడం లాంటివి, జిల్లా కంట్రోల్ రూం తన పేరుతో ఒక చోట తెలుగులో పెట్టాలి. ఏ వీధి, ఎన్ని గంటలకు, ఫైరింజను చేరిందా, ఏ దారి మూశారు, అంతే. పేరు వద్దు, ఇంటి నంబరు వద్దు. ఇంటి గొడవలు, ఆత్మహత్యలు అసలే వద్దు. 2025 అక్టోబరులో చిన్నటేకూరు దగ్గర బస్సు తగలబడిన తెల్లవారుజామున కూడా, ఏ ఆస్పత్రికి వెళ్లాలో, ఎవరిని అడగాలో చెప్పే అలాంటి చోటు ఒకటి ఉంటే ఫోన్లు పట్టుకు కూర్చున్న ఎన్ని కుటుంబాలకు ఆసరా అయ్యేదో. దీనికి పెద్ద ఖర్చేం లేదు. తెలుగులో తప్పుల్లేకుండా టైపు చేసే కానిస్టేబుల్‌ను షిఫ్టుకు ఒకరిని కూర్చోబెడితే చాలు. కలెక్టర్ గారు, ఎస్పీ గారు ఈ మాట ఆలోచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

- ఒక పాఠకుడు,
వెంకటరమణ కాలనీ, కర్నూలు