పెళ్లి పందిట్లో అడ్డాకు విస్తర్లు వేయించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. అడవి గురించి వార్త వచ్చిందంటే అది కార్చిచ్చో, కలప దొంగతనమో, ఊళ్లోకి వచ్చిన ఎలుగుబంటో అయి ఉంటుంది. అడవి మీద బతికే మనుషుల సంపాదన గురించి రాసేది చాలా తక్కువ. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ వగైరాలు కలిసి వేసిన అంచనా ప్రకారం 2017-19 మధ్య ప్రపంచం మొత్తం మీద అటవీ రంగంలో పనిచేసినవారు సుమారు 3.3 కోట్ల మంది. అంటే పనిలో ఉన్న ప్రతి వందమందిలో ఒకరు. 2015లో ఈ రంగం వల్ల దేశాల ఆర్థిక వ్యవస్థలకు సమకూరింది లక్షన్నర కోట్ల డాలర్లకు పైనే.

ఇవి చిన్న అంకెలు కావు. అయినా ఈ లెక్కల్లో ముందు కనబడేది కలప, కోత మిల్లులు, కాగితం ఫ్యాక్టరీలు. పొలం పని లేని రోజు కొండెక్కి చింతపండో, కరక్కాయలో, కొండ చీపుర్లో దింపుకుని వచ్చే ఆడమనిషిని సర్వేవాళ్లు ఏం పని చేస్తావమ్మా అని అడిగితే వ్యవసాయం అనే చెబుతుంది. మన దేశంలో ఇలా చిన్నతరహా అటవీ ఫలసాయం మీద ఆధారపడినవారు 10 కోట్ల మంది దాకా ఉంటారని ప్రభుత్వమే చెబుతోంది. గిరిజన కుటుంబాల ఏడాది ఆదాయంలో 20 నుంచి 40 శాతం దీనిమీదే వస్తుందట. ఏరేదీ, ఎండబెట్టేదీ, సంతకు మోసేదీ ఎక్కువగా ఆడవాళ్లే.

నేను విశాఖలో పెళ్లిళ్లకు, శుభకార్యాలకు వంట కాంట్రాక్టు చేస్తాను. అందుకని నాకు బాగా తెలిసిన సరుకు గురించే రాస్తున్నాను. అది అడ్డాకు.

అడ్డాకు తీగ పెద్ద చెట్లను పట్టుకుని పైకి పాకుతుంది. ఆకు అరచేయి కంటే వెడల్పుగా, కొస దగ్గర రెండుగా చీలి ఉంటుంది. కోసిన ఆకును మోపు కట్టి నెత్తిన పెట్టుకుని కొండ దింపాలి, నీడపట్టున ఆరబెట్టాలి, సన్నటి పుల్లలతో ఒక్కో ఆకునూ కలిపి గుండ్రంగా కుట్టాలి. కుట్టు వదులైతే పప్పుచారు కిందికి కారిపోతుంది. బాగా కుట్టిన విస్తరి మీద వడ్డనకు ముందు కాసిని నీళ్లు చిలకరిస్తే ఆకు మెత్తబడి పరుచుకుంటుంది, వేడి వేడి సాంబారు పోసినా తట్టుకుంటుంది. భోజనాలయ్యాక ఆవులు తింటాయి, మిగిలింది పెంటలో మాగి ఎరువవుతుంది. ఇన్ని చేతులు పడి తయారైన విస్తరికి కుట్టిన మనిషికి దక్కేది మాత్రం చిల్లర పైసలు. షావుకారు దగ్గర ముందే అప్పు చేసి ఉంటే ఇక బేరం మాటే లేదు, సరుకు అతనికే పోయాలి.

2006 అటవీ హక్కుల చట్టం ఈ ఫలసాయం మీద గిరిజనులకు యాజమాన్య హక్కు ఇచ్చింది. సేకరించుకోవచ్చు, వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కానీ కొనేవాడు ఒక్కడే అయినప్పుడు అమ్ముకునే హక్కు కాగితం మీదే ఉండిపోతుంది. కాఫీ సంగతి చూడండి. అరకు, పాడేరు కొండల్లో పెద్ద చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య కాఫీ పండుతుంది. అరకు అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకని ఇచ్చే జీఐ ట్యాగ్) వచ్చింది. సీజన్‌కు ముందే, గిరిజనుల సరుకు కొనే ప్రభుత్వ సంస్థ అయిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు ధర ప్రకటిస్తుంది కాబట్టి ప్రైవేటు వ్యాపారి కూడా ఆ ధర చూసుకునే మాట్లాడాలి. అంకుడు కర్రతో చేసే ఏటికొప్పాక బొమ్మలకూ ఇలాగే పేరొచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవ శకటం మీద దేశమంతా చూసింది. అడవిలో అంకుడు చెట్టు బతికితేనే అక్కడ లేత్ మీద బొమ్మ తిరుగుతుంది. అడ్డాకుకు అలాంటి పేరు రాలేదు.

1956లో పుట్టిన ఆ సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే ఉంది. 2022లో ఏజెన్సీ ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాగా వేరైనా, సరుకు ఘాట్ దిగి రావలసింది ఇక్కడికే. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్క ముహూర్తానికి ఈ నగరంలో ఎన్ని వేల విస్తర్లు పడతాయో మా వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్ల మీద దేశమంతా నిషేధం ఉంది. ఆ ఖాళీ అడ్డాకుకు దక్కాల్సింది. దక్కలేదు. పైన కాగితం, లోపల మెరిసే ప్లాస్టిక్ పొర ఉన్న ప్లేట్లు వచ్చి కూర్చున్నాయి. ఆ మధ్య ఒక పెళ్లికి నేను అడ్డాకు విస్తర్లు తెప్పిస్తే ఆ ఫంక్షన్ హాలు వాళ్లు ఒప్పుకోలేదు, వాళ్లకు మామూలుగా సరఫరా చేసే మనిషి దగ్గరే ప్లేట్లు కొనాలన్నారు. ఆడపిల్ల తండ్రి పాపం ఏమీ అనలేకపోయాడు.

బఫేలో నిలబడి తినేవాళ్లకు కుట్టిన విస్తరి చేతిలో నిలవదు, ఆ ఇబ్బంది నిజమే. దానికి కింద అట్ట వేసి మెషిన్ మీద ఒత్తిన విస్తరి ఉంది. ఆ మెషిన్లు కొండ మీద వన్ ధన్ కేంద్రాల (గిరిజనులు అటవీ సరుకును తామే తయారుచేసి అమ్ముకునేందుకు ప్రభుత్వం పెట్టిన కేంద్రాలు) మహిళల చేతికి వస్తే ఆకు ధరతో పాటు తయారీ కూలి కూడా ఊళ్లోనే మిగులుతుంది. ఇప్పుడు ఆకు ఒకచోట, ఒత్తేది ఇంకోచోట, లాభం మరెక్కడో.

నగరపాలక సంస్థ తన కార్యక్రమాల్లో, ప్రభుత్వ వసతి గృహాల్లో, ఆలయాల అన్నదానాల్లో అడ్డాకు విస్తర్లే వాడాలని నిర్ణయం తీసుకుంటే ఏడాది పొడవునా స్థిరమైన గిరాకీ ఉంటుంది. గిరిజన సహకార సంస్థ కాఫీకి ప్రకటించినట్టే అడ్డాకుకూ, కుట్టిన విస్తరికీ సీజన్‌కు ముందు ధర ప్రకటించాలి, ఆ ధర ప్రతి సంతలో తూకం పక్కన తెలుగులో రాసి పెట్టాలి. పచ్చి తీగను మొదలంటా నరక్కుండా ఆకు మాత్రమే కోసే పద్ధతి పాటించిన ఊళ్లకు ఇంకాస్త ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే గిరాకీ పెరిగిన కొద్దీ తీగే ఉండదు. ఫంక్షన్ హాళ్లు ప్లేట్ల విషయంలో హాలు అద్దెకు తీసుకున్నవాళ్ల మీద షరతులు పెట్టకుండా లైసెన్సులోనే ఒక నిబంధన చేర్చాలి. వచ్చే మాఘ మాసం ముహూర్తాల లోపు ఇందులో కొన్నయినా చేయగలరు. మా కేటరింగ్ వాళ్లం కొనడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం