ఫిబ్రవరి ప్రయాణానికి ఇంకా 17 నెలలు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చేరి పది రోజులైంది. నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో బదులిచ్చి ఊరుకోవడం ఇష్టం లేక, తీరిగ్గా కూర్చుని రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. వచ్చే సెలవుల్లో పిల్లలను తీసుకుని విదేశానికి వెళ్లిరావాలని నువ్వూ చెల్లెమ్మా అనుకుంటున్నారనీ, చేతిలో అంత డబ్బు లేదు కనుక బ్యాంకులో వ్యక్తిగత రుణం తీసుకుందామా అని ఆలోచిస్తున్నారనీ రాశావు. నా మాట ముందే చెప్పేస్తాను: ఆ అప్పు చేయవద్దు. ప్రయాణం వారం రోజుల్లో ముగిసిపోతుంది, దాని వాయిదాలు మాత్రం మూడేళ్లు నడుస్తాయి. అదే వాయిదాను వెళ్లబోయే ముందు మూడేళ్లూ నీ పేరు మీద నువ్వే కట్టుకుంటూ వస్తే, బ్యాంకుకు నువ్వు ఇవ్వవలసిన వడ్డీ పోయి, బ్యాంకే నీకు వడ్డీ ఇస్తుంది. నెలకు కట్టే మొత్తంలో తేడా ఉండదు. ఓపిక పట్టడంలోనే ఉంది తేడా అంతా.

మేము నార్వే వెళ్లాలనుకుంటున్న సంగతి నీకు తెలుసు కానీ, ఆ ఆలోచన ఎలా మొదలైందో ఎప్పుడూ చెప్పలేదనుకుంటాను. సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాలు భూమి అయస్కాంత క్షేత్రానికి చిక్కి ధ్రువాల వైపు మళ్లుతాయనీ, దాదాపు 100 కిలోమీటర్ల ఎత్తున అవి ఆక్సిజన్‌ను తాకినప్పుడు ఆకాశమంతా ఆకుపచ్చగా వెలుగుతుందనీ, వాటినే అరోరా లేక ధ్రువ కాంతులంటారనీ మా పాప బడిలో విని వచ్చింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అదే కబురు. అమ్మ అంతా విని, "అలాంటిదొకటి ఉందని ఇన్నేళ్లు నాకు తెలియనే తెలియదు" అంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఎక్కడికి వెళ్లాలన్నది ఆ పూటే తేలిపోయింది: నార్వే ఉత్తరాన, ఆర్కిటిక్ వలయానికి సుమారు 350 కిలోమీటర్లు పైన ఉన్న ట్రామ్సో నగరానికి.

ఎక్కడికన్నది తేలినా, ఎప్పుడన్నది తేల్చుకోవడానికి మాకు మరో ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా మేము ఒక్క పైసా కూడా వెనకేయలేకపోయాం. ఏ నెల ఖర్చులు ఆ నెలకు ఉండనే ఉన్నాయి. మిగిలినప్పుడు దాద్దామనుకున్నాం, ఏ నెలా ఏమీ మిగల్లేదు. తేదీ లేని కోరికకు ఇంటి ఖర్చుల ముందు నిలబడే బలం ఉండదని నాకు అప్పుడు అర్థమైంది. చివరికి తేదీని మా చేత పెట్టించింది పిల్లల వయసే. చాలా విమాన సంస్థలు 2 నుంచి 11 ఏళ్ల పిల్లలకు టిక్కెట్టులో ఎంతో కొంత తగ్గిస్తాయి, 12 నిండితే పెద్దల ధరే. నార్వేకు కావలసింది షెంగెన్ వీసా, అంటే ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా; దాని రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల వారికి 45, ఆరేళ్లలోపు వారికి ఏమీ లేదు. మా పాపకు ఒక ఏప్రిల్‌లో 12 నిండుతాయి, అదే ఏడాది జూన్‌లో బాబుకు 6 నిండుతాయి. కాబట్టి ఆ ఏప్రిల్‌కు ముందు వచ్చే ఫిబ్రవరి మా నెల అయింది. పైగా ట్రామ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు సూర్యుడే ఉదయించడు. ఫిబ్రవరిలో పగలు కాసేపు వెలుతురు, రాత్రి కావలసినంత చీకటి రెండూ దొరుకుతాయి. ఇలా లెక్క వేసిన రోజుకు మా చేతిలో సరిగ్గా 36 నెలలున్నాయి.

మొదటి అంచనా చూసి నేనూ మా ఆవిడా చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం. పది రోజుల ప్రయాణానికి, ఐదుగురికి అయ్యే మొత్తాన్ని ఈనాటి ధరల్లో వేసుకుని, దాని మీద మరో ఐదో వంతు కలిపాం. ఏడాదికి 6 శాతం చొప్పున ధరలు పెరిగితే మూడేళ్లకు పెరుగుదల 19 శాతం అవుతుంది కదా, అందుకని. దాన్ని 36తో భాగిస్తే వచ్చిన అంకె మా వల్ల అయ్యేది కాదు. ఆ కాగితం అమ్మ కంట పడింది. మరునాడు పొద్దున్న, "నేను ఆ చలికి తట్టుకోలేను, మీరు నలుగురూ వెళ్లిరండి" అని చాలా మామూలుగా చెప్పింది. ఆమె చలి గురించి మాట్లాడడం లేదని మా ఇద్దరికీ తెలుసు. ఆ రోజు మేము చేసిన నిర్ణయమే ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది: రోజులు తగ్గించాం, మనుషుల్ని తగ్గించలేదు. పది రోజులు ఏడు అయ్యాయి. రాజధాని ఓస్లోలో ఉండాలనుకున్న రోజులు తీసేశాం. ఉత్తరాన మాత్రం ఐదు రాత్రులు అలాగే ఉంచుకున్నాం. మబ్బు పడితే ఏమీ కనిపించదు కాబట్టి, ఒకటి రెండు రాత్రులకని అంత దూరం వెళ్లడం తెలివైన పని కాదు. హోటలు గదులు మాని, వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోవాలని అనుకున్నాం. ఆ దేశంలో బయట భోజనం చాలా ఖరీదు; కుళాయి నీళ్లు మాత్రం నిశ్చింతగా తాగవచ్చు. ఇదంతా అయ్యాక వచ్చిన అంకె కష్టమైనదే కానీ, అసాధ్యమైనది కాదు.

ఇక దాచే పద్ధతి. జీతం పడిన మరునాడే ఆ మొత్తం రికరింగ్ డిపాజిట్‌లోకి దానంతట అదే వెళ్లిపోయేలా పెట్టాం. షేర్లలో పెడితే తొందరగా పెరుగుతుంది కదా అని నువ్వు అడుగుతావని తెలుసు. తేదీ కచ్చితంగా ఉన్న డబ్బుకు అది తగదని నా నమ్మకం. 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అమెరికాలోని 500 పెద్ద కంపెనీల షేర్ల తీరు చూపే ఎస్ అండ్ పీ 500 సూచీ ఐదు వారాల్లోపే మూడో వంతు పడిపోయింది. తరువాత కోలుకుంది నిజమే కానీ, మా పాప పన్నెండో పుట్టినరోజు మార్కెట్ కోలుకునే దాకా ఆగదు.

డబ్బు ఎక్కడి నుంచి తీశామన్నదే నీకు ముఖ్యమైన ప్రశ్న, అందుకని ఇక్కడ నా తప్పు కూడా దాచకుండా చెబుతాను. మొదటి మూడు నెలలు నేను చిన్న చిన్న ఖర్చుల మీద పడ్డాను. ఆదివారం సాయంత్రం పిల్లలతో బయటకు వెళ్లడం ఆపేశాను, పుస్తకాలు కొనడం ఆపేశాను, ఏది అడిగినా "నార్వే" అనే జవాబు చెప్పాను. ఒక రాత్రి పాప వాళ్లమ్మ దగ్గరకు వెళ్లి, "మన దగ్గర డబ్బులు అయిపోయాయా?" అని అడిగిందట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. వాళ్ల సంతోషం కోసమని మొదలుపెట్టిన పని వాళ్లకు భయంగా మారుతోందని నేను గమనించనే లేదు. మరుసటి ఆదివారం నుంచి మళ్లీ బయటకు వెళ్తున్నాం. ఆపిన వాటితో మిగిలింది కూడా అంతంత మాత్రమే. అసలు డబ్బు పెద్ద నిర్ణయాల్లో దొరికింది: కారు మార్చాలన్న ఆలోచన నాలుగేళ్లు వాయిదా వేశాం, పాత ఫోన్లనే బ్యాటరీలు మార్పించి వాడుతున్నాం, జీతం పెరిగినప్పుడల్లా పెరిగినదాంట్లో సగం మన చేతికి రాకముందే ఈ ఖాతాకు మళ్లిస్తున్నాం. అలవాటు పడని డబ్బును వదులుకోవడం నిజంగా తేలిక.

ఎనిమిదో నెలలో అమ్మకు ఆపరేషన్ చేయించవలసి వచ్చింది. అత్యవసరానికని వేరే డబ్బు పెట్టుకోలేదు కాబట్టి ఇందులోంచే తీశాం. పాప ఒక కాగితం మీద 36 గళ్లు గీసి, నెలకొకటి చొప్పున రంగు వేస్తూ ఉండేది; ఆ రోజు రెండు గళ్లను తనే రబ్బరు పెట్టి చెరిపింది, ఏమీ అనలేదు. సంవత్సరాంతపు బోనస్‌తో వాటిని నింపగలిగాం, ఆ తరువాత మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే మొత్తాన్ని విడిగా ఒక ఖాతాలో ఉంచాం. నువ్వు మాత్రం ఆ ఖాతాను ముందు తెరువు, ప్రయాణపు ఖాతాను తరువాత తెరువు.

మరికొన్ని సంగతులు త్వరగా చెప్పేస్తాను. నార్వేలో నడిచేది యూరో కాదు, క్రోన్. ఆఖరి ఏడాదిలో మూడు నాలుగు విడతలుగా మార్చుకుంటే ఒక్క రోజు మారకపు రేటు మీద ఆధారపడవలసిన పని ఉండదు. విదేశంలో కార్డు గీసినప్పుడు యంత్రం మన కరెన్సీలో చెల్లిస్తారా అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీలోనే చెల్లించాలి. లేకపోతే వాళ్లు వేసే రేటులో నష్టపోతాం. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, వయసు పెరిగే కొద్దీ దాని ప్రీమియం పెరుగుతుంది కనుక అమ్మకు విడిగా లెక్క వేసుకున్నాం. పాస్‌పోర్టులు తిరిగి వచ్చే తేదీ తరువాత మరో మూడు నెలలైనా చెల్లాలి. ఇంకొక మంచి మాట: వీసా దరఖాస్తుతో బ్యాంకు ఖాతా వివరాలు జతచేయాలి కదా, నెల నెలా నిదానంగా పెరిగిన నిల్వను చూసి ఎవరూ ఏమీ అడగరు, వెళ్లే ముందు ఒక్కసారిగా వచ్చి పడిన పెద్ద మొత్తం మాత్రం, అది అప్పు సొమ్మయినా కాకపోయినా, ఎక్కడిదన్న ప్రశ్న తెస్తుంది.

ఆ కాంతులు ఉధృతంగా ఉండే కాలం దాటిపోతోందేమోనని కిందటిసారి ఫోనులో అన్నావు. సూర్యుడి చురుకుదనం, దాంతోపాటు ఈ కాంతులు, సుమారు పదకొండేళ్ల చక్రంలో పెరిగి తగ్గుతుంటాయి; ఆ చక్రం గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో నాసా ప్రకటించిన మాట నిజమే. అయితే ట్రామ్సో సరిగ్గా ఆ కాంతులు తరచూ కనిపించే వలయం కిందే ఉంది; చక్రం దిగువకు వెళ్లిన ఏళ్లలో కూడా, ఆకాశం తేటగా ఉంటే అక్కడ అవి కనిపిస్తూనే ఉంటాయి. కాబట్టి నేను తొందరపడడం లేదు. చలి బట్టలు కూడా కొనడం లేదు, అక్కడే అద్దెకు దొరుకుతాయి. అమ్మ మాత్రం తనకూ, పిల్లలకూ ఉన్ని టోపీలు అల్లడం ఇప్పటి నుంచే మొదలుపెట్టింది.

19 గళ్లు నిండాయి, 17 మిగిలాయి. నువ్వూ చెల్లెమ్మా పిల్లలతో కలిసి కూర్చుని, ఏ దేశమో, ఏ ఏడాది ఏ నెలో తేల్చుకుని నాకు రాయండి. ఖర్చుల అంచనా ఇద్దరం కలిసి వేద్దాం. నీకు ఉత్తరం రాస్తున్నానని తెలిసి, మా పాప మీ పిల్లల కోసం ఇంకొక 36 గళ్ల కాగితం గీసి ఇచ్చింది. దీంతోపాటే పంపుతున్నాను. పైన ఊరి పేరు రాయవలసిన చోటు ఖాళీగా వదిలింది, అది మీ పిల్లలే తమ చేత్తో రాయాలట.

ప్రేమతో,
నీ మిత్రుడు