టాపిక్ ఇచ్చేస్తే ప్రాజెక్టు అయిపోదు

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు కొనుక్కుంటున్నారని, ఒకరిది చూసి ఒకరు దించేస్తున్నారని అందరూ అంటున్నారు. చీరాల ప్రాంతంలో పద్దెనిమిదేళ్లుగా ఎకనామిక్స్ చెబుతున్నాను. ఆ మాట అబద్ధమని నేను అనలేను. కానీ తప్పంతా పిల్లల మీదకు తోసేయడం అన్యాయం. అందుకే ఈ లేఖ.

మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు రెండో సెమిస్టర్ అయ్యాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. ఊళ్లోకి వెళ్లి, కళ్లతో చూసి, నలుగురినీ అడిగి రాసుకురమ్మనడం చాలా మంచి ఆలోచన. మరి మేం చేస్తున్నదేమిటి? పరీక్షల హడావుడిలో ఒక మధ్యాహ్నం క్లాసుకు వెళ్లి జాబితా చదువుతాం. పారిశుద్ధ్యం నీకు, మహిళా సాధికారత నీకు, చేనేత నీకు. అరగంటలో అరవై మందికీ పంచేసి వచ్చేస్తాం. ‘మహిళా సాధికారత’ అనే రెండు మాటలు పట్టుకుని పంతొమ్మిదేళ్ల పిల్ల ఎవరింటికి వెళ్లాలి? వెళ్లి ఏమని అడగాలి? దిక్కు తోచక జిరాక్స్ షాపుకు వెళ్తుంది. అక్కడ స్పైరల్ బైండింగుతో సహా సిద్ధంగా ఉంటుంది. పేరు, హాల్ టికెట్ నంబరు మారిస్తే చాలు.

రెండేళ్ల కిందట నేను దిద్దిన ఒక రిపోర్టుకు అట్ట మీద మా విద్యార్థి పేరుంది. లోపల కృతజ్ఞతల పేజీలో మాత్రం ఎక్కడో వేరే జిల్లా ప్రిన్సిపాల్ గారికి ధన్యవాదాలున్నాయి. అబ్బాయిని పిలిచి అందరి ముందూ కోప్పడ్డాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ టాపిక్ వాడి చేతిలో పెట్టింది నేను. రెండు నెలల్లో ఒక్కసారైనా పిలిచి ‘ఎంతవరకు వచ్చిందిరా’ అని అడగనిదీ నేనే.

నిరుడు ఒకమ్మాయి ‘చేనేత పరిశ్రమ సమస్యలు’ అనే టాపిక్‌తో వచ్చింది. వాళ్లది నేతపని చేసే ఇల్లే. ఈసారి జాబితా పక్కన పెట్టి కూర్చోబెట్టి అడిగాను. మీ ఇంట్లో మగ్గం ఆడని రోజులు ఎప్పుడొస్తాయమ్మా అంటే, ‘వానలకు గుంటలోకి నీళ్లొస్తాయి కదా మేడమ్, పోయినసారి పదిహేను రోజులు నాన్న మగ్గంలో కూర్చోలేదు’ అంది. మా వైపు నేలలో గుంట తీసి బిగించే గుంట మగ్గాలున్న ఇళ్లన్నింటికీ తెలిసిన బాధే ఇది. నేల చెమ్మగిల్లితే గుంటలో కాళ్లు పెట్టలేరు, పడుగు తడుస్తుంది, పని ఆగిపోతుంది. ఆ పిల్లకు అది బాధగా తెలుసు కానీ, చదువుకు పనికొచ్చే విషయమని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ‘చేనేతపై వర్షాల ప్రభావం’ అని రాసుకొచ్చింది. ఏ ఊళ్లో, ఏ వీధిలో, ఏ నెలల్లో అని అడిగి తిప్పి పంపాను. నాలుగోసారికి ఇలా వచ్చింది: ‘మా వీధిలో వానాకాలంలో గుంట మగ్గాలు ఎన్ని రోజులు ఆగుతున్నాయి, ఆ రోజుల్లో ఇల్లు దేనితో గడుస్తోంది?’ ఈ ఒక్క వాక్యానికి వారం పట్టింది. అది కుదిరాక ఏం చదవాలో, ఎవరిని అడగాలో నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు. ఇరవై రెండు ఇళ్లు తిరిగింది. చేనేత సొసైటీకి వెళ్లి ఏ నెలలో ఎన్ని చీరలు జమయ్యాయో రాసుకుంది. వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం గ్రంథాలయానికి జీవితంలో మొదటిసారి వెళ్లి, పాత పత్రికల్లో వాన వార్తలు వెతికింది. 2019–20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల మందికి పైగా నేత, అనుబంధ పనివాళ్లున్నారని చూసి, ‘ఇందులో మా వీధి వాళ్లు కూడా ఉంటారా మేడమ్’ అని అడిగింది.

అదే బ్యాచ్‌లో ఇంకో కుర్రాడు చాట్‌జీపీటీని అడిగి పది పుస్తకాల జాబితా తెచ్చాడు. ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటే వెతికాం. నాలుగు ఎక్కడా కనిపించలేదు. పేర్లు మాత్రం ఎంతో నమ్మకంగా ఉన్నాయి. పాపం, వాడి మొహం చిన్నబోయింది. నువ్వు కనీసం ఒక పేజీ తెరిచి చదవని పుస్తకం పేరు నీ రిపోర్టులో ఉండకూడదు అని చెప్పాను. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉండాల్సింది.

ఆధారాలు లేక కాదు. మన ఆంధ్ర, నాగార్జున విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలెన్నో శోధగంగ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. 2011 జనగణన జిల్లా హ్యాండ్‌బుక్ తెరిస్తే ఏ ఊళ్లో బడి ఉందో, ఏ ఊరికి బస్సు వస్తుందో ఊరివారీగా కనిపిస్తుంది. ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి పెట్టిన పాత తెలుగు పత్రికలున్నాయి. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13 వేల జర్నల్స్ అందుబాటులోకి వచ్చాయి. అది తమకూ వర్తిస్తుందని మా పిల్లల్లో ఎంతమందికి తెలుసు? చెప్పడానికి లైబ్రేరియన్ ఉండాలిగా! రెగ్యులర్ లైబ్రేరియన్ లేని కాలేజీలు ఎన్నో ఉన్నాయి. బీరువాలకు తాళం, తాళంచెవి ఆఫీసులో.

ఉన్నత విద్యామండలి వారిని నేను కోరేది పెద్దదేం కాదు. ఆ 180 గంటల్లో మొదటి రెండు వారాలు టాపిక్‌ను ప్రశ్నగా మార్చుకోవడానికీ, ఆధారాలు వెతుక్కోవడానికీ కేటాయించండి. ఎక్కడికి వెళ్లారో, ఏం చదివారో, ఎవరిని అడిగారో రాసుకున్న చేతిరాత నోట్‌బుక్‌కు విడిగా మార్కులు పెట్టండి. వైవాలో ఆ నోట్‌బుక్‌లోంచే ప్రశ్నలు అడగనివ్వండి. ఒక్క టీచరు అరవై మందినీ ఇలా చూడలేరన్నది నిజం, నేనూ చూడలేను. నలుగురేసి పిల్లలకు ఒక వీధి, ఒక ప్రశ్న ఇస్తే పదిహేను బృందాలవుతాయి. పదిహేనంటే చూడగలం.

జిల్లా గ్రంథాలయ సంస్థలకూ ఒక మనవి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మా అందరి దగ్గరా వసూలవుతోంది. ప్రాజెక్టులు జరిగే ఆ రెండు నెలలైనా శాఖా గ్రంథాలయాల్లో పాత పేపర్ల కట్టలు విప్పి పిల్లలకు ఇవ్వండి, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ ఒక్కటైనా పెట్టండి. పగలంతా పనికి వెళ్లి సాయంత్రం చదువుకునే పిల్లలున్నారు, వాళ్ల కోసం రాత్రి ఎనిమిదింటిదాకా తెరిచి ఉంచండి.

వేసవి సెలవులు ఇచ్చేస్తే పిల్లలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. ఏ మార్పు చేసినా, రెండో సెమిస్టర్ క్లాసులు ముగిసేలోపే సర్క్యులర్ మా చేతికి రావాలి.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు,
చీరాల.