చివరి రైలుకు బస్సు లేని ఊరు

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్‌లో పాత ఊళ్లను కంటికి రెప్పలా కాపాడుకుంటారని మన పత్రికల్లో తరచూ రాస్తుంటారు. ఎసెక్స్‌లోని శాఫ్రన్ వాల్డెన్‌లో కాపురం ఉంటున్నవాణ్ణిగా అది సగం నిజమే అంటాను.

ఒకప్పుడు చుట్టుపక్కల పొలాల్లో కుంకుమపువ్వు పండించేవారు కాబట్టి ఊరికి ఆ పేరు. ఆ పంట ఎప్పుడో పోయింది. బిర్యానీలోకి కావాలంటే నేనూ సూపర్‌మార్కెట్ డబ్బీయే కొనాలి. సంత మాత్రం పోలేదు. 1141లో పక్కనున్న న్యూపోర్ట్ నుంచి ఇక్కడికి మార్చిన సంత ఇప్పటికీ మంగళ, శనివారాల్లో నడుస్తోంది. ఆ చౌకులోనే 19వ శతాబ్దం నడుమ ధాన్యం బేరాల కోసం కట్టిన భవనం ఉంది. రైతులు గుప్పెడు గింజలు మచ్చు చూపించి ధర తేల్చుకున్న చోటు. దాన్ని 1975లో లైబ్రరీ చేశారు. శనివారం మా అమ్మాయి అక్కడ పుస్తకాలు మార్చుకుని వచ్చేలోపు నా కూరగాయల సంచి నిండిపోతుంది. గడియారం కింద మెట్ల దగ్గర కలుసుకుంటాం.

మరి రైలు? 1865లో ఊళ్లోకి బ్రాంచి లైను వేశారు. ఖర్చు రాని లైన్లు మూసెయ్యాలన్న బీచింగ్ నివేదిక 1963లో వచ్చింది, మరుసటేడే మా రైలు ఆగిపోయింది. పాత భవనానికి కొత్త పని వెతికిన ఊరే రైలును మాత్రం నిలుపుకోలేకపోయింది. ఇప్పుడు స్టేషనంటే రెండు మైళ్ల అవతల ఉన్న ఆడ్లీ ఎండ్. లండన్ నుంచి అక్కడిదాకా గంటలో వచ్చేస్తాం, అసలు ప్రయాణం దిగాక మొదలవుతుంది.

పోయిన చలికాలం ఓ రాత్రి మా అమ్మను హైదరాబాద్ విమానం నుంచి దింపుకుని ఆ స్టేషన్‌లో దిగాను. బస్సు అప్పటికే వెళ్లిపోయింది, టాక్సీ వాళ్లు ఫోనెత్తలేదు. పచ్చడి సీసాలున్న రెండు సూట్‌కేసులు, సన్నటి వాన, చీకటి. "ఇదేనా నాయనా లండన్ పక్కనే అన్నావు?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు.

ఊరి అంచుల్లో కొత్త ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. అనుమతులిచ్చేవాళ్లు వాటితోపాటే చివరి రైలుకు అందే బస్సు ఒకటి వేయించాలి. రాత్రి పూట అది నష్టానికే తిరుగుతుందేమో. ఆ లెక్క చూసే కదా రైలును పోగొట్టుకున్నాం!

మీ విలేకరి ఎవరైనా ఈ ఊరి అందం గురించి రాయడానికి వస్తే సంతోషం. చివరి రైలుకు రమ్మనండి, సామానుతో.

— ఒక పాఠకుడు, శాఫ్రన్ వాల్డెన్