తెల్ల స్విఫ్ట్ పదమూడు రోజులు లిఫ్ట్ మీదనే ఎందుకున్నదంటే

అందరికి నమస్తే. పోయిన రెండు వారాలల్ల మన నల్లగొండ దేవరకొండ రోడ్డు షెడ్డుకు వచ్చి బండి చూపించకుండనే వాపస్ పోయినోళ్లు, ఫోన్ చేసినప్పుడల్లా రేపు ఎల్లుండి అని నాతోని ఇనిపించుకున్నోళ్లు చానామంది ఉన్నరు, ముందుగాల మీకు సారీ. మనకున్నది ఒక్కటే లిఫ్ట్, దాని మీద ఒక తెల్ల స్విఫ్ట్ డీజిల్ 13 రోజులు కూసున్నది. ఏమైందన్నా దానికి అని అందరు అడిగిండ్రు, నేను ఏదో ఒకటి చెప్పి దాటేసిన. అండ్ల సగం తప్పు నాది, అందుకే ఇప్పుడు పూసగుచ్చినట్టు రాస్తున్న.

బండి 2013 మోడల్. హాలియా దిక్కు బత్తాయి తోట ఉన్న ఒక పెద్దాయనది, రెండు నెలల కింద ఒక పాత కార్ల కన్సల్టెన్సీల కొన్నడు. మీటర్ల లక్షా నలభై వేలు చూపిస్తున్నది, అసలెంత తిరిగిందో దేవునికే ఎరుక. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన చెప్పిన మాట ఇది: తమ్మీ, ఊర్ల తిరిగితే ఏం లేదు, నార్కట్‌పల్లి కాడ హైవే ఎక్కి 90 మీద పోతుంటే ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్ర లైట్ వస్తది, స్లో చేస్తే పోతది, పైన టికటిక సప్పుడు గూడ మొదలైంది. రోగమంత ఆ మాటల్నే ఉన్నది గాని నేను చెవిన పెట్టలే. ఆరోజు నాలుగు బండ్లు లైన్ల ఉన్నయ్, డిప్ స్టిక్ గుంజి చూస్తే ఆయిల్ లెవెల్ కరెక్ట్‌గనే ఉన్నది, ఇగ ఆ లైట్‌ను వెలిగించే ఆయిల్ ప్రెజర్ సెన్సార్ పోయింది అని మార్చేసిన, టికటికకేమో పాత ఇంజిన్, మీదికెళ్లి మే నెల ఎండలు అనుకొని చిక్కటి 20డబ్ల్యూ50 ఆయిల్ పోసిన. షెడ్డు ముంగట ఐడిల్ల, అంటే రేస్ ఇయ్యకుండ, పెడితే లైట్ లేదు, సప్పుడు తగ్గింది, ఆయన ఖుష్, నేను ఖుష్.

ఆరో రోజు చిట్యాల దగ్గరికెళ్లి ఫోన్. ఇంజిన్ల సుత్తితోని కొట్టినట్టు ధన్ ధన్ అంటున్నది తమ్మీ అని. వెంటనే బందు పెట్టుమన్న, మళ్ల స్టార్ట్ చెయ్యొద్దన్న, టోయింగ్ బండి మీద తెప్పించినం.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె, ఎందుకంటే చానామంది దీన్నే తప్పుగ అనుకుంటరు. ఆ ఎర్ర ఆయిల్ డబ్బా లైట్ ఆయిల్ ఎంతున్నదో చెప్పదు, ప్రెజర్ ఉన్నదా లేదా అంతే. అది గూడ ప్రెజర్ దాదాపు సున్నాకు పడ్డంకనే వెలుగుతది, ఒక బార్‌ల (ప్రెజర్ కొలత) సగం గూడ లేనప్పుడు. అంటే లైట్ వచ్చేసరికే ఆలస్యమైనట్టు. ఆయిల్ ఫుల్ ఉన్నా పైకి ఎక్కకపోతే లోపల ఇనుము మీద ఇనుము రాసుకుంటది. నిజంగ ప్రెజర్ ఎంతున్నదో తెల్వాలంటే సెన్సార్ ఇప్పి ఆ తూటు కాడ ముల్లు గేజ్ బిగించాలె, అరగంట పని. ఆ గేజ్ నా దగ్గర ఆరేండ్ల సంది ఉన్నది, డబ్బాల పెట్టి బీరువాల పెట్టిన. మొదటి రోజు అది బయటికి తీసి ఉంటే ఈ పోస్టే లేకపోవు.

బండి రెండోసారి వచ్చినంక గేజ్ పెట్టిన. ఐడిల్ల 25 పీఎస్ఐ (ఇది గూడ ప్రెజర్ కొలతనే, ఒక బార్ అంటే దాదాపు 14.5) చూపించింది, బాగనే ఉన్నది. జర రేస్ ఇస్తే పెరగాలె గదా, వెయ్యి ఆర్‌పీఎంకు పది పీఎస్ఐ అని మోటుగ లెక్క, కాని ఇక్కడ ముల్లు గజగజ వణికి పదికి కిందికి పడింది. వెంటనే బందు చేసిన. బేరింగ్‌లు అరిగిన ఇంజిన్ ఇట్ల చెయ్యదు, అది వేడి మీద ఐడిల్ల తక్కువ చూపిస్తది, రేస్ ఇస్తే లేస్తది. పంపుల రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెజర్‌ను వదిలేది) తెరుచుకొని పట్టేస్తే ఎంత రేస్ ఇచ్చినా పెద్దగ లేవదు. రేస్ ఇచ్చిన కొద్ది పడిపోయిందంటే మాత్రం పంపుకు కింద ఆయిల్ అందుతలేదన్నట్టు. గింత చిన్న స్ట్రాతోని గట్టి లస్సీ గుంజినట్టు. పైంగ నేను పోసిన చిక్కటి ఆయిల్ ఆ గుంజుడును ఇంక కష్టం చేసింది. పెద్దాయన చెప్పింది గూడ ఇదే గదా, స్పీడ్ పోతే లైట్, స్లో చేస్తే లేదు.

సప్పుడు గురించి గూడ. మొదట వచ్చిన టికటిక హెడ్డుల, అంటే ఇంజిన్ పైభాగంల, వాల్వుల కాడ ఉండే టాపెట్లది, అవి ఆయిల్ ప్రెజర్ మీదనే నిలబడ్తయ్, ఇంజిన్ల అన్నిటికంటె పైన ఉంటయ్ కాబట్టి కొరత ముందు వాటికే తెలుస్తది. ఇప్పటి ధన్ ధన్ కిందికెళ్లి వస్తున్నది, కాన్‌రాడ్ బేరింగ్, అంటే పిస్టన్ కడ్డీ కింద క్రాంక్ షాఫ్ట్‌ను పట్టుకునే కాడ ఉండేది. ఏ సిలిండర్ అని చూడనీకి మా పిలగాడు స్పానర్ పట్టుకొని ఇంజెక్టర్ పైపు లూజ్ చేస్త అని వచ్చిండు, పాత ట్రాక్టర్ల మీద నేర్చుకున్న పని, గట్టిగ తిట్టి ఆపిన. ఈ డీజిల్ ఇంజిన్‌ల కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకు డీజిల్ పంచే పైపు) ప్రెజర్ ఐడిల్ల గూడ వందల బార్ ఉంటది, రేస్ మీద వెయ్యి దాటుతది, ఆ డీజిల్ చెయ్యిలకు సూది లెక్క దిగుతది, చెయ్యి తీసేయాల్సి రావొచ్చు. ఇంజెక్టర్ కరెంటు కనెక్టర్ ఒక్కొక్కటి పీకి రెండు మూడు సెకన్లు చూస్తే చాలు, ఆ సిలిండర్‌కు డీజిల్ ఆగుతది, దాని మీద బరువు తగ్గుతది. మూడోది పీకంగనే ధన్ ధన్ తగ్గింది.

చాంబర్, అంటే ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి, దించినం. పంపు ఆయిల్ గుంజే మూతి కాడి జాలీకి సగానికంటె ఎక్కువ సిలికాన్ ముక్కలు, ఎండిన సెమ్యాల లెక్క అతుక్కొని ఉన్నయ్. బండి అమ్మక ముందు ఎప్పుడో చాంబర్‌కు రాయి తాకింది, డెంట్ ఉన్నది, ఎవరో దించి మళ్ల బిగించేటప్పుడు సిలికాన్ పేస్ట్ గోడకు సున్నమేసినట్టు పెట్టిండ్రు. బయటికి వచ్చింది తుడిచిండ్రు, లోపలికి వచ్చింది ఎవరు తుడుస్తరు, అది ఊడి జాలీకి పోయింది. సన్నగ మూడు మిల్లీమీటర్ల గీత గీస్తే సరిపోతది దానికి. ఫిల్టర్ కాగితం ఇప్పి ఎండల పెట్టి చూస్తే మెరుపులు, అయస్కాంతానికి అంటుకుంటలేవు, బేరింగ్ పొడి.

ఇంజిన్ దించినం. మూడో బేరింగ్ రాగి తేలింది, క్రాంక్ మీద గీతలు. హైదరాబాద్ పంపి గ్రైండింగ్ కొట్టించి పది సైజ్ బేరింగ్‌లు (గ్రైండింగ్ల అరిగినంత మందం ఎక్కువున్నవి) ఏసినం, ఆ క్రాంక్ వచ్చేసరికే వారం పోయింది. ఆయిల్ పంపు కొత్తది, ఆయిల్ పోయే దారులన్ని కడిగి గాలి కొట్టినం. టర్బో బతికింది, దాని షాఫ్ట్‌ల లూజ్ లేదు, అది అదృష్టమే. ఇప్పుడు పలుచటి 5డబ్ల్యూ30 ఆయిల్ మీద వేడి ఐడిల్ల 20 పీఎస్ఐ, మూడు వేల ఆర్‌పీఎం మీద 48 చూపిస్తున్నది. 500 కిలోమీటర్లకు మళ్ల ఆయిల్, ఫిల్టర్ మారుస్తం, అది నా ఖర్చు.

పైసల ముచ్చట గూడ అడుగుతరు కాబట్టి చెప్తున్న. లేబర్ తీసుకోలే, గ్రైండింగ్ సగం నేను పెట్టుకున్న, సామాన్లు పెద్దాయనవి. సిలికాన్ పెట్టింది నేను గాదు, కాని ఆరు రోజులు ఆ ఇంజిన్‌తోని హైవే మీద తిప్పించింది నేనే. ఆయన గట్టిగ ఒక్క మాట గూడ అనలే, పోయేటప్పుడు ఒక సంచి బత్తాయిలు ఇచ్చి పోయిండు, అది ఇంక కష్టమనిపించింది.

ఇగ మీదికెళ్లి మన షెడ్డుల ఎర్ర లైట్ అని వచ్చిన ఏ బండికైనా ముందు గేజ్, తర్వాతనే ఏదన్న. సెన్సారే మార్చు అని మీరే అడిగినా గేజ్ లేకుండ మార్చ. దానికి చెకింగ్ చార్జ్ ఉంటది, రీడింగ్ ఫోటో మీ వాట్సాప్‌కు వస్తది, పని నా దగ్గరనే చేయించుకోవాలని ఏం లేదు. చిక్కటి ఆయిల్ పోసి సప్పుడు తగ్గించుమంటే గూడ నా నుంచి కాదు, వేరే షెడ్డు చూసుకోండ్రి.

సెకండ్ హ్యాండ్ డీజిల్ కొనేటోళ్లు, మారుతి 2020 ఏప్రిల్ సంది డీజిల్ బంద్ చేసింది కాబట్టి ఇప్పుడు దొరికే స్విఫ్ట్ డీజిల్ ఏదైనా పాతదే, కొనే ముందు పొద్దుగాల ఇంజిన్ సల్లగ ఉన్నప్పుడు పోండ్రి. ముందే స్టార్ట్ చేసి పెట్టిండ్రంటే ఇంకో రోజు వస్త అనుండ్రి. తాళం తిప్పంగనే ఎర్ర లైట్ వెలగాలె, స్టార్ట్ కాంగనే పోవాలె. తాళం తిప్పినా వెలగకపోతే లైట్ ఖరాబై ఉండొచ్చు, లేకుంటే ఎవరో వైర్ పీకి ఉండొచ్చు, ఇట్లాంటివి ఈ ఏడాదిల రెండు చూసిన. కిందికి వంగి చాంబర్ అంచు చూడుండ్రి, కొత్త సిలికాన్ ఉబ్బి కనపడితే ఎందుకు దించిండ్రో అడగండ్రి.

లిఫ్ట్ నిన్న సాయంత్రం ఖాళీ అయ్యింది. వాపస్ పోయినోళ్ల నంబర్లు రాసి పెట్టిన, వచ్చిన వరుసల నేనే ఫోన్ చేస్త, ముందు మిర్యాలగూడ ఇన్నోవా, తర్వాత క్లాక్ టవర్ కాడి మెడికల్ షాపన్న వ్యాగనార్. ఆదివారం గూడ షెడ్డు తెరిచే ఉంటది.